శాసనం చదవగలం, ఫ్లాపీ చదవలేం

మా వరంగల్ వాళ్ళకో అలవాటుంది. ఏ విషయం మీద మాట్లాడమన్నా కాకతీయుల దగ్గర మొదలెడతాం. నేనూ అక్కడే మొదలెడుతున్నాను. కానీ తొందరగానే కంప్యూటర్ల దగ్గరికి వచ్చేస్తాను, భయపడి పేజీ మూసేయకండి :)

హన్మకొండ వేయి స్తంభాల గుడిలో రుద్రదేవుడు వేయించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1084, అంటే మన లెక్కలో 1163 జనవరి. భాష సంస్కృతం, లిపి అప్పటి తెలుగు-కన్నడ లిపి. రుద్రదేవుడు ఎవరెవరిని ఓడించాడో, గుళ్ళో శివుణ్ణీ విష్ణువునీ సూర్యుణ్ణీ ఎలా ప్రతిష్ఠించాడో అందులో ఉంటుంది. ఎనిమిదిన్నర శతాబ్దాలు దాటాక కూడా ఆ లిపి నేర్చుకున్నవాడు ఎవడైనా దాని ముందు నిలబడి చదువుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, సర్వీస్ ప్యాక్ అక్కర్లేదు.

మా ఇంట్లో 1999 నాటి ఫ్లాపీలు మూడున్నాయి. తాతయ్య రాసిన మా ఊరి చరిత్ర వాటిలో ఉంది. పరకాల దగ్గర చిన్న ఊరు మాది. ఇరవై ఏళ్ళు దాటిన ఆ మూడు ప్లాస్టిక్ బిళ్ళల్ని చదవడానికి, ఇంజనీరింగ్ చదివి, రోజూ కోడ్ రాసుకు బతుకుతున్న నాకు నాలుగు నెలల వారాంతాలు పట్టాయి. అదీ పూర్తిగా కాలేదు. ఆ కథ తరువాత చెప్తాను. ముందు ఈ తేడా ఎందుకొచ్చిందో, దాని మీద ప్రపంచంలో కొంతమంది జీతం లేకుండా ఏం పని చేస్తున్నారో చూద్దాం.

అచ్చు తియ్యడం వేరు, చదవడం వేరు

శాసనాలు చదివేవాళ్ళు రాతి ముందు కూర్చుని నోట్సు రాసుకుంటారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అసలు పద్ధతి అది కాదు. ముందు రాతిని శుభ్రం చేస్తారు. తడిపిన కాయితం దాని మీద పరిచి, బ్రష్షుతో కొట్టి గుంటల్లోకి దిగేట్టు చేస్తారు. పైన సిరా అద్దుతారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు, చెక్కిన చోట తెలుపు. రాయి ఎలా ఉందో అలాగే కాయితం మీదికి వచ్చేస్తుంది. ఈ పని చేసేవాడికి ఆ లిపి రావాల్సిన పని లేదు. అర్థం అసలే తెలియక్కర్లేదు. చదవడం తరువాతి సంగతి. అది ఇంకో మనిషి, ఇంకో ఊళ్ళో, ఇంకో యాభై ఏళ్ళ తరువాతైనా చెయ్యొచ్చు.

మన రుద్రదేవుడి శాసనాన్ని 1882లో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో జె.ఎఫ్. ఫ్లీట్ ప్రకటించాడు. అప్పటికి ఆయన బొంబాయి సివిల్ సర్వీసులో ఉద్యోగి. అంతకుముందు మన సి.పి. బ్రౌన్ దొర కూడా అంతే. కంపెనీ కొలువు చేసుకుంటూ, జీతం డబ్బులు పెట్టి పండితుల్ని కూర్చోబెట్టి తాటాకు ప్రతులకి కాయితం నకళ్ళు రాయించాడు. ఇటు తెలంగాణలో లక్ష్మణరాయ పరిశోధక మండలి వాళ్ళు ఊరూరా తిరిగి శాసనాలు సేకరించి "తెలంగాణా శాసనములు" అచ్చు వేశారు. వీళ్ళలో చాలామందికి ఇది పొట్టకూటి పని కాదు. ఎవరో చెయ్యాలి కదా అని చేసిన పని. మనకి మిగిలిన చరిత్రలో పెద్ద భాగం ఇలాంటి ఆఫీసు అయిపోయాక చేసిన పనుల వల్లే మిగిలింది.

పాత కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ కాపాడే అభిరుచి గలవాళ్ళు కూడా సరిగ్గా ఇదే పద్ధతిలోకి వచ్చారు. చూసి నేర్చుకున్నారని కాదు, అవసరం అక్కడికే తీసుకెళ్ళింది.

మామూలుగా ఫ్లాపీ కాపీ చెయ్యడమంటే ఫైళ్ళు కాపీ చెయ్యడం. 1.44 ఎంబీ ఫ్లాపీ మీద రెండు వైపులా 80 ట్రాకులు, ట్రాకుకి 18 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. గుణించి చూడండి, 14,74,560 బైట్లు వస్తాయి. ఫైళ్ళు కాకుండా ఈ బైట్లన్నిటినీ వరసగా తీసుకుంటే డిస్క్ ఇమేజీ. ఇది కాస్త మెరుగు. కానీ పాత ఆపిల్, అమిగా, బీబీసీ మైక్రో లాంటి యంత్రాల ఫార్మాట్లు మన పీసీ డ్రైవు కంట్రోలర్‌కి అర్థం కావు. కాపీ ప్రొటెక్షన్ కోసం కావాలని తప్పు సెక్టార్లు పెట్టిన డిస్కులుంటాయి. కంట్రోలర్ "చదవలేను" అని చేతులెత్తేస్తుంది. అందుకని క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న బోర్డులు తయారు చేసుకున్నారు. ఇవి సున్నా, ఒకటి అని తీర్పు చెప్పవు. హెడ్ కింద అయస్కాంత దిశ మారిన ప్రతిసారీ ఎంత సమయం గడిచిందో మాత్రం రాసుకుంటాయి. అంతే. అర్థం తరువాత చూసుకోవచ్చు. తడి కాయితం మీద సిరా అద్దడం అంటే ఇదే కదా!

1086 నిలిచింది, 1986 పోబోయింది

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే కథొకటుంది. 1086లో ఇంగ్లండు రాజు విలియం దేశంలో ఎవరికెంత భూమి ఉందో లెక్క రాయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు. తొమ్మిది వందల ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే ప్రాజెక్టు చేసింది. పది లక్షల మందికి పైగా జనం, ముఖ్యంగా బడిపిల్లలు, తమ ఊళ్ళ గురించి రాసి పంపారు. అదంతా రెండు లేజర్ డిస్కుల మీద పెట్టారు. చూడాలంటే బీబీసీ మాస్టర్ కంప్యూటరు, దానికి ప్రత్యేకమైన ప్లేయరు కావాలి. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ ప్లేయర్లు మూలపడ్డాయి. 1086 నాటి తోలు పుస్తకం చదవగలుగుతున్నారు, 1986 నాటి డిస్కు చదవలేకపోతున్నారు. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్ళు ఎమ్యులేటరు రాసి దాన్ని బయటికి తెచ్చారు. ఆ తరువాత అభిరుచి ఉన్న ఇంజనీర్లు ఇంకా ముందుకెళ్ళి, లేజర్ డిస్కు నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే పట్టుకునే బోర్డు తయారు చేసి, దాని డిజైను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. మళ్ళీ అదే పద్ధతి. ముందు అచ్చు, తరువాత చదువు.

బీబీసీ మైక్రో మనకి పరాయిదేం కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్లు పెట్టాలని క్లాస్ అనే ప్రాజెక్టు మొదలెట్టినప్పుడు తెచ్చింది ఈ యంత్రాలనే. 32 కేబీ మెమరీ. మనలో చాలామంది టీమ్ లీడర్ల వయసు వాళ్ళు మొదటిసారి బేసిక్‌లో పది లైన్లు రాసింది అలాంటి వాటి మీదే.

ఇంకో కథ మీకందరికీ నచ్చుతుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడని ఇంజనీరింగ్ ల్యాబు ఉంటుందా? 1989లో జోర్డాన్ మెక్నర్ దాన్ని ఆపిల్-2 మీద అసెంబ్లీలో రాశాడు. తరువాత సోర్సు కోడ్ ఎక్కడుందో ఆయనకే తెలియకుండా పోయింది. 2012లో వాళ్ళ నాన్నగారు ఇల్లు సర్దుతుంటే ఒక డబ్బాలో ఫ్లాపీలు దొరికాయి. ఆయన వాటిని తన పీసీలో పెట్టి చూడలేదు. పాత కంప్యూటర్లు సేకరించే టోనీ డియాజ్‌నీ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పనిచేసే జేసన్ స్కాట్‌నీ ఇంటికి పిలిచాడు. 23 ఏళ్ళ నాటి డిస్కులు. ఒక్కరోజులో చదివేశారు, కోడ్ అందరికీ బయటపెట్టారు. ఇక్కడ గమనించాల్సింది, ఆ పని తెలిసిన మనుషులు ఉన్నారు కాబట్టి అది ఒక్కరోజు పని అయింది. ఆ మనుషులు అంతకు ముందు ఇరవై ఏళ్ళు "ఈ చెత్తంతా ఎందుకురా" అని ఇంట్లో తిట్లు తిన్నవాళ్ళే అయ్యుంటారు :)

ఎ.ఎస్. రావు నగర్ వాళ్ళకో ప్రశ్న

సరే, విదేశాల కథలు చాలు. మన సంగతేంటి?

హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్‌లో ఇల్లు అద్దెకి తీసుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు వేలల్లో ఉంటారు. ఆ ఎ.ఎస్. రావు ఎవరో ఎంతమందికి తెలుసు? అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి మనిషి, అణుశక్తి శాఖ ఇంజనీరు. 1967లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని నడిపింది ఆయనే. ట్రాంబేలో డిజైను చేసిన 12 బిట్ల కంప్యూటరు టీడీసీ-12ని 1969లో ఈసీఐఎల్ బయటికి తెచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తరువాత 1970ల నడుమ టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. హైటెక్ సిటీకి పాతికేళ్ళ ముందు, మన దగ్గర కంప్యూటర్లు తయారయ్యాయి, వాటికి సాఫ్ట్‌వేరూ రాశారు.

దాదాపు అదే కాలంలో, 1965లో, అమెరికాలో డెక్ కంపెనీ 12 బిట్ల పీడీపీ-8 అమ్మింది. ఈ రోజు మీ ల్యాప్‌టాప్ మీద పది నిమిషాల్లో పీడీపీ-8 నడుపుకోవచ్చు. డెక్‌లో ఉన్నత ఉద్యోగం చేసిన బాబ్ సుప్నిక్ 1993 నుంచి రాసిన సిమ్-హెచ్ అనే సిమ్యులేటరు ఉంది. దాని ఆపరేటింగ్ సిస్టం, కంపైలర్లు, మాన్యువళ్ళు అన్నీ స్కాన్ చేసి పెట్టినవాళ్ళున్నారు. కావాలంటే ముందు పలకతో సహా చిన్న నమూనా కిట్టు కొనుక్కుని టంకం వేసుకోవచ్చు కూడా.

టీడీసీ మీద పనిచేసినవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటిన పెద్దవాళ్ళు. మాన్యువలు అటక మీద ఉన్నా, ఇన్‌స్ట్రక్షన్ సెట్టు రాసుకున్న డైరీ ట్రంకుపెట్టెలో ఉన్నా, అడగాల్సింది ఇప్పుడే. మీ అపార్టుమెంటులో ఈసీఐఎల్ రిటైరైన అంకుల్ ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం టీ తాగడానికి వెళ్ళండి. కంప్యూటరు రాయిలాగా మిగలదు. దాన్ని నడిపిన మనిషి జ్ఞాపకం కూడా ఆ సాఫ్ట్‌వేరులో భాగమే.

తెలుగు కంప్యూటర్లో ఎలా దాక్కుంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. తెలుగువాళ్ళకి పాత సాఫ్ట్‌వేర్ పోవడమంటే ఆటలు పోవడం కాదు, అక్షరాలు పోవడం.

ఐఐటీ కాన్పూరులో 1983లో మొదలై తరువాత సీ-డాక్‌కి వెళ్ళిన జిస్ట్ పని వల్ల భారతీయ భాషలన్నిటికీ ఒకే తరహా కోడ్ వచ్చింది. ఇస్కీ అంటారు. 1991లో భారతీయ ప్రమాణం అయింది. అదే 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షనులో తెలుగుకి చోటు దొరికింది, అమరిక ఇస్కీ నుంచే తీసుకున్నారు. అంటే కాయితం మీద 1991కే మన సమస్య తీరిపోయింది. కానీ మామూలు పీసీలో యూనికోడ్ తెలుగు కనబడింది విండోస్ ఎక్స్‌పీ వచ్చాక. నడుమ పదేళ్ళు, నిజానికి ఇంకా ఎక్కువే, జనం ఆగుతారా? పెళ్ళి కార్డులాగవు, ఎన్నికల కరపత్రాలాగవు, దినపత్రిక అసలే ఆగదు.

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళు ఒక దారి వెతుక్కున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఒకటి పెట్టారు. అదే ఆర్‌టీఎస్. దాన్ని మళ్ళీ తెలుగు లిపిలోకి తెచ్చే ప్రోగ్రామూ రాశారు. ముక్కవిల్లి వారు టెక్ కోసం చేసిన తెలుగు అక్షరాలతో అది అచ్చయ్యేది.

ఇక్కడ డీటీపీ వాళ్ళది ఇంకో దారి. ఇంగ్లీషు ఫాంటులో అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టేశారు. ముక్కలని ఎందుకంటున్నానంటే అక్షరాలు కూడా కావవి. తలకట్టు ఒక కోడ్, దీర్ఘం ఒక కోడ్, ఒత్తులు ఒక్కొక్కటీ ఒక కోడ్. చాలా ఫాంట్లలో "మ" అంటే "వ" పక్కన ఒక కొమ్ము. కంప్యూటరు దృష్టిలో అది తెలుగే కాదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఫ్రెంచి వాళ్ళ యాసపు గుర్తులు. కంటికి మాత్రం తెలుగు. పైగా ఒక్కో కంపెనీ ఒక్కో అమరిక. ఒకరి ఫైలు ఇంకొకరి ఫాంటులో తెరిస్తే గజిబిజి.

ఇప్పుడు ఈ రెండు దారులూ ఎక్కడ తేలాయో చూడండి. 1990ల మొదట్లో ఆర్‌టీఎస్‌లో రాసుకున్న ఉత్తరాలు, పద్యాలు, తగాదాలు ఈ రోజుకీ ఎవరైనా చదవచ్చు. ఎందుకంటే అది ఉత్త ఆస్కీ, పైగా ఏ అక్షరానికి ఏది అన్న పట్టిక అందరి దగ్గరా ఉంది. అందంగా అచ్చైన డీటీపీ ఫైళ్ళు మాత్రం ఫాంటు పోతే పోయినట్టే. చూడ్డానికి మోటుగా ఉన్నది బతికింది. సోకు చేసుకున్నది మూగబోయింది. మన వృత్తిలో ఉన్నవాళ్ళు ఇది గోడ మీద రాసుకోవాలి.

దినపత్రికలు నెట్ మీదికి వచ్చినప్పుడూ ఇదే గొడవ, ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. అప్పుడు వెన్న నాగార్జున "పద్మ" అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక పొడగింత రాశారు. పత్రిక పేజీ తెరిస్తే చాలు, పాత ఫాంటు గుర్తులన్నిటినీ అక్కడికక్కడే యూనికోడ్ చేసి చూపించేది. వీవెన్ గారి "లేఖిని"కి ఆధారం కూడా పద్మే. మనలో ఎందరో మొదటిసారి తెలుగులో వ్యాఖ్య రాసింది లేఖినిలోనే కదా. పద్మ లోపల ఉన్న ఆ పట్టికలు, ఏ ఫాంటులో ఏ కోడ్ ఏ తెలుగు ముక్క అనేవి, ఒక ఇరవై ఏళ్ళ తెలుగు అచ్చుకి తాళంచెవుల గుత్తి లాంటివి.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చింది. పాత పద్ధతిలో రాసిన పొడగింతలన్నీ ఒక్క రాత్రిలో పనిచెయ్యడం మానేశాయి. మరుసటి ఏడాది మొజిల్లా వాటిని తన అంగట్లోంచి తీసేసింది కూడా. అంటే పాత ఫైళ్ళు చదవడానికి రాసిన సాఫ్ట్‌వేరే పాతబడిపోయింది! తాళంచెవికి మళ్ళీ ఇంకో తాళం. మొజిల్లాని తిట్టే ఉద్దేశం నాకు లేదు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. కానీ అంగడి మూసేలోపు ఆ పాత పొడగింతలన్నిటినీ, వేలకి వేలు, నకలు తీసి దాచింది మళ్ళీ జీతం లేని అభిరుచి మనుషులే. 2009లో యాహూ జియోసిటీస్ మూసేసినప్పుడు ఆ పేజీల్ని రాత్రింబవళ్ళు దించుకుని దాచిన ఆర్కైవ్ టీమ్ కూడా అలాంటిదే.

తాతయ్య ఫ్లాపీలు

మా తాతయ్య బడిపంతులుగా రిటైరయ్యాక ఆరేళ్ళు తిరిగి ఊరి చరిత్ర రాశాడు. 14 అధ్యాయాలు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించి 500 కాపీలు వేయించాడు. చాలావరకు ఊళ్ళో పంచేశాడు. ఆయన పోయాక చూస్తే ఇంట్లో మిగిలింది ఒకటే కాపీ, అందులో సగం చెదలు తినేసింది. బీరువాలో ఫ్లాపీలు మాత్రం గుడ్డలో చుట్టి భద్రంగా ఉన్నాయి.

ఆ డీటీపీ సెంటరు ఎప్పుడో మూతపడింది. నడిపిన పెద్దమనిషి దొరికాడు. "సారు చానా సతాయించేటోడు బిడ్డా, ఒక్క దీర్ఘం తప్పుపోయినా మల్ల ప్రింటు తీపిచ్చేటోడు" అని నవ్వాడు. ఆయన దగ్గర పాత ఫాంట్ల సీడీ ఉంది, నకలు తీసుకోనిచ్చాడు. ఒక డాంగిల్ కూడా చూపించాడు. అప్పటి తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ నడవాలంటే ప్రింటరు పోర్టుకి తగిలించాల్సిన బిళ్ళ. ఇప్పటి ల్యాప్‌టాపులకి ఆ పోర్టే లేదు. అదృష్టం ఏంటంటే కొత్తగా టైపు చెయ్యడానికే డాంగిల్ కావాలి, ఉన్నది చూడ్డానికి ఫాంటు చాలు.

మూడు ఫ్లాపీల్లో మొదటిది యూఎస్‌బీ డ్రైవులోనే పూర్తిగా వచ్చింది. రెండోదానిలో కొన్ని సెక్టార్లు మొండికేశాయి, గ్రీజ్‌వీజిల్‌తో పదేపదే చదివిస్తే దాదాపు అన్నీ వచ్చాయి. మూడోది తెరిస్తే లోపల బూజు. మన వానాకాలాలు తెలిసిందే కదా. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, చదివిస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది.

తరువాత అసలు యజ్ఞం. ఫైళ్ళు పేజ్‌మేకర్ 6.5వి. వర్చువల్ మెషీన్లో ఎక్స్‌పీ వేసి, పేజ్‌మేకర్ పెట్టి, టెక్స్టు బయటికి తీశాను. వచ్చింది గజిబిజి. చెదలు తినగా మిగిలిన పుస్తకం పక్కన పెట్టుకుని ఏ గుర్తుకి ఏ ముక్క అని పట్టిక రాసుకున్నాను, దాదాపు రెండు వందల గుర్తులు. ముక్కల్ని కలిపి అక్షరం చేసి, ఒత్తుల వరస సరిచేసి యూనికోడ్ ఇచ్చే పైథాన్ స్క్రిప్టు రాశాను. అమ్మకి పాత పుస్తకం బాగా గుర్తు. తప్పులన్నీ ఆవిడే పట్టింది.

14 అధ్యాయాల్లో 11 పూర్తిగా వచ్చాయి. ఊళ్ళో ఏ కుంట పేరు ఏమిటి, దాని కింద ఏ పొలాలు పారేవి, ఏ బావి ఎవరు తవ్వించారు అన్నీ ఉన్నాయి. ఆ కుంటల్లో నాలుగు ఇప్పుడు ప్లాట్లు. నానమ్మ తరం ఆడవాళ్ళు పాడిన బతుకమ్మ పాటలు ఇరవై దాకా ఉన్నాయి. రానివి మూడు. అందులో ఒకటి 1948లో ఊళ్ళో ఏం జరిగిందో ముసలివాళ్ళని అడిగి తాతయ్య రాసుకున్న అధ్యాయం. చెప్పినవాళ్ళు లేరు, రాసినాయన లేడు, పుస్తకంలో ఆ పేజీలు చెదల పాలు. మూడో ఫ్లాపీలో అక్కడక్కడా వాక్యాలు తేలాయి. ఒక పేరు, ఒక వాగు, "ఆ రాత్రి" అన్న మాట. అంతే. ఆ ఫ్లాపీ నుంచి పట్టిన ముడి సిగ్నల్ ఫైలు మూడు చోట్ల దాచాను. నాకంటే తెలివైనవాడు ఎవడైనా ముందుముందు చదువుతాడేమో. అచ్చు తీసిపెట్టడం నా పని.

"చెత్తంతా దాచుకుంటామా?"

ఆఫీసులో ఈ కథ చెప్తే ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నిది. న్యాయమైన ప్రశ్నే. రోజూ మనం పుట్టించే కోడ్‌లో తొంభై పాళ్ళు పోతే ఎవరికీ నష్టం లేదు, కొంతవరకు లోకానికి లాభం కూడా :)

కానీ శాసనాల్లో ఎక్కువ భాగం ఏమిటనుకున్నారు? భూమి దానం, పన్ను మినహాయింపు, గుడికి ఇన్ని మానికల నూనె. ఆ రోజుల ఎక్సెల్ షీట్లు అన్నమాట. వాటి నుంచే ఇప్పుడు చరిత్రకారులు ఏ పంట పండేదో, ఏ వర్తకం జరిగేదో చెప్తున్నారు. ఏది పనికొస్తుందో తేల్చే అర్హత దాన్ని పుట్టించిన తరానికి ఉండదు. పైగా రాయి దాచడానికి గుడి కావాలి, ఫ్లాపీ ఇమేజీ దాచడానికి ఒక ఫోన్ ఫోటో అంత చోటు కూడా అక్కర్లేదు.

రెండో ప్రశ్న చట్టం. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం, సాఫ్ట్‌వేర్ కాపీ చట్టబద్ధంగా తన దగ్గర ఉన్నవాడు నష్టం నుంచి కాపాడుకోడానికి బ్యాకప్ తీసుకోవచ్చు. దాన్ని నెట్‌లో అందరికీ పంచడం వేరే విషయం, దానికి ఈ వెసులుబాటు లేదు. అమెరికాలో 2003లోనే పాడైన, పాతబడిన డాంగిల్స్ ఉన్న ప్రోగ్రాములకి మినహాయింపు ఇచ్చారు. మన దగ్గర గ్రంథకర్త పోయిన తరువాత 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఫ్లాపీ అన్నేళ్ళు ఆగదు. హక్కు తీరేలోపు వస్తువు తీరిపోతుంది. అందుకే పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీలు ఒక్క మేలు చెయ్యొచ్చు. ప్రోగ్రాము ఉచితంగా ఇవ్వక్కర్లేదు, ఫాంటు పట్టికలు ప్రకటిస్తే చాలు. వ్యాపారానికి పైసా నష్టం లేదు.

మనం చెయ్యగలిగేది

మన ఊళ్ళలో డీటీపీ సెంటర్లు దాదాపు మూడు దశాబ్దాలు నడిచాయి. వరంగల్ లాంటి చోట చిన్న పత్రికలు, కవిత్వ సంకలనాలు, కుల సంఘాల చరిత్రలు, ఉద్యమాల కరపత్రాలు, అన్నీ ఆ సీడీల్లో, ఫ్లాపీల్లో, పాత హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఆ కొట్లు మూతపడుతున్నాయి, సామాను తూకానికి పోతోంది. కాబట్టి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇవి చెయ్యండి.

దొరికిన ఫ్లాపీ, సీడీ వెంటనే డ్రైవులో పెట్టకండి. బూజుందేమో చూడండి, రాయకుండా ఆపే మీట తెరిచి పెట్టండి. ఫైళ్ళు కాదు, మొత్తం ఇమేజీ తియ్యండి. లినక్స్‌లో డీడీ ఆజ్ఞ చాలు. హ్యాష్ రాసి పెట్టుకోండి. లేబులు ఫోటో తియ్యండి, అది ఎవరిదో, ఏ ఏడుదో పక్కనే ఒక టెక్స్టు ఫైల్లో రాయండి. ఫాంట్ ఫైళ్ళు విడిగా దాచండి, అవి లేకపోతే మిగతాదంతా వృథా. టైపు చేసినవాళ్ళతో మాట్లాడండి. ఏ ఫాంటు, ఏ వెర్షను అన్నది వాళ్ళకే గుర్తుంటుంది.

ఆ ఇమేజీలు ఎక్కడ దాచాలి? హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది. 1904లో, తెలుగు పుస్తకం చదవడమే సాహసంగా ఉన్న నిజాం కాలంలో, మామూలు మనుషులు చందాలేసుకుని పెట్టిన గ్రంథాలయం. 1959లో మొదలైన ఆర్ఈసీ, ఇప్పటి ఎన్ఐటీ, అదే ఊళ్ళో ఉంది. ఒకరికి పుస్తకం విలువ తెలుసు, ఒకరికి బైటు విలువ తెలుసు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, నాలుగు పాత డ్రైవులు, ఒక గ్రీజ్‌వీజిల్, ఇద్దరు విద్యార్థుల శనివారాలు ఇస్తే వరంగల్ జిల్లా డీటీపీ కాలమంతా కాపాడొచ్చని నా నమ్మకం. ఖర్చు మనలో ఒకరి కొత్త ఫోన్ ధర కూడా కాదు.

నేను రాసుకున్న ఫాంటు పట్టికా, స్క్రిప్టూ కావాలంటే వ్యాఖ్యల్లో అడగండి, పంపిస్తాను. మీ దగ్గర పాత తెలుగు ఫాంట్ల సీడీలు గానీ, టీడీసీ మాన్యువళ్ళు గానీ, బీరువాలో గుడ్డలో చుట్టిన ఫ్లాపీలు గానీ ఉంటే అవీ చెప్పండి. మరీ ముఖ్యంగా, బూజుపట్టిన డిస్కు నుంచి సెక్టార్లు లాగడంలో అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. మూడు అధ్యాయాలు ఇంకా మిగిలే ఉన్నాయి.